థైరాయిడ్ మాత్రకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఉందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 48 ఏళ్లు. పదకొండేళ్ల నుంచి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను, ప్రస్తుతం 100 మైక్రోగ్రాములు. దసరా ముందు పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 0.06 వచ్చింది. ఆ రిపోర్టు డాక్టరుకి చూపించుకునేలోపే మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపింది. థైరాయిడ్ హార్మోన్ మాత్ర పదిహేనేళ్లు దాటి వాడిన ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మూడింతలు ఎక్కువని అమెరికా డాక్టర్లు తేల్చారని అందులో ఉంది. మా అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, 61వ ఏట రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుంది. నాకు భయమేసి మాత్ర మానేశాను. నెల దాటింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బినట్టుంటోంది. ఒళ్లంతా బరువు, మలబద్ధకం. గుండె జబ్బు, బీపీ, షుగర్ లేవు. జుట్టు రాలుతోందని ఆరు నెలలుగా బయోటిన్ మాత్ర మాత్రం వేసుకుంటున్నాను. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. ఆవిర్లు మరీ ఎక్కువైతే హార్మోన్లు వాడొచ్చని ఒక డాక్టరు అన్నారు. మా అమ్మాయికి 25 ఏళ్లు. తనకీ నిరుడు థైరాయిడ్ అని తేలి 50 మైక్రోగ్రాములు మొదలుపెట్టారు. మాఘమాసంలో పెళ్లి. తన చేత కూడా మానిపించమంటారా? 
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు చేయాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. మాత్ర మళ్లీ మొదలుపెట్టాలి. ఇది చదివిన మర్నాడే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. నెల రోజులుగా మానేశానని దాచకుండా చెప్పండి. కోప్పడతారేమోనని చాలామంది ఈ ఒక్క మాటా దాస్తారు, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు కింది గ్రంథి పంపే హార్మోను. ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గితే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. ఇప్పుడు రక్తం ఇస్తే మీ టీఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంటుంది, 30 దాటి వచ్చినా నేను ఆశ్చర్యపోను. మీరు మానేసిన సంగతి తెలియని డాక్టరు ఆ అంకె చూసి, వంద చాలడం లేదనుకుని 125 రాస్తారు. పాత రిపోర్టు ప్రకారం చూస్తే మీకు వందే ఎక్కువైందేమో అన్న అనుమానం ఉంది. అందుకని 0.06 వచ్చిన రిపోర్టు, మాత్రల సీసా, బయోటిన్ డబ్బా, మూడూ సంచిలో వేసుకుని వెళ్లండి. ఎంత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో అవి చూశాకే తేలుతుంది.

ముఖం ఉబ్బడం, ఒళ్లు బరువు, మలబద్ధకం మాత్ర మానేసినందువల్లే వచ్చి ఉంటాయి. మీరు వేసుకునే మాత్రలో ఉన్నది లెవోథైరాక్సిన్. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోనుకీ దీనికీ తేడా లేదు, ఫ్యాక్టరీలో తయారవుతుందంతే. ఇది ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే మానేసిన మొదటి పది రోజులూ ఏమీ తెలియదు, పైగా మానేసినా బాగానే ఉన్నాననే ధైర్యం కూడా వస్తుంది. నాలుగు వారాలు గడిచేసరికి ఒంట్లో ఉన్న మాత్ర తాలూకు హార్మోనులో పదహారో వంతు మాత్రమే మిగులుతుంది. మీరిప్పుడు ఆ దశలో ఉన్నారు. ఇంకా అలాగే ఉంటే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, నీరు చేరుతుంది, మతిమరుపు వస్తుంది. ఏళ్ల తరబడి మానేసిన కొందరు పెద్దవయసువాళ్లు స్పృహ తప్పి ఆసుపత్రికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అది అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. మందు లేని రోజుల్లో ఈ జబ్బు ఎక్కడిదాకా తీసుకెళ్లేదో డాక్టర్లు కళ్లారా చూశారు. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒకావిడకు సూదిమందుగా ఇచ్చాడు. ఆ వైద్యం సాగినన్నాళ్లూ ఆమె మామూలుగానే జీవించి, 1919లో 74 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఇక మీకొచ్చిన మెసేజ్. ఆ మూడింతల లెక్క ఎక్కడిదో నాకు తెలుసు. అది కొత్త పరిశోధన కాదు, 1976 నాటిది. కప్డీ, వూల్ఫ్ అనే ఇద్దరు డాక్టర్లు రొమ్ము ఎక్స్‌రే అంటే మామోగ్రామ్ తీయించుకున్న 5,505 మంది ఆడవాళ్ల రికార్డులు చూసి, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో రాశారు. వాళ్లలో 635 మంది థైరాయిడ్ మందు వాడుతున్నవాళ్లు. ఈ 635 మందిలో రొమ్ము క్యాన్సర్ 12.13 శాతం మందికి ఉంటే, మందు వాడనివాళ్లలో 6.2 శాతం మందికి ఉంది. పదిహేనేళ్లకు మించి వాడినవాళ్లలో 19.48 శాతం. అంటే మీ ఆడపడుచుకి వచ్చిన అంకె కల్పించింది కాదు, నిజంగా అచ్చైనదే. అందుకే అది ఇన్నేళ్లయినా చావకుండా తిరుగుతోంది.

ఆ అంకెల్లో ఉన్న చిక్కు కొంచెం దగ్గరగా చూడండి. పదిహేనేళ్లకు పైగా మందు వాడినవాళ్లంటే ఎవరు? వయసు మళ్లినవాళ్లు. అక్కడ ముప్పై ఏళ్ల పిల్లలు దాదాపుగా ఉండరు. రొమ్ము క్యాన్సర్ వయసుతో పాటు పెరిగే జబ్బు. అరవై ఏళ్లవాళ్లను ఒక పక్క, అన్ని వయసులవాళ్లను కలిపి ఇంకో పక్క నిలబెడితే, మందు ఉన్నా లేకపోయినా పెద్దవాళ్ల వైపే క్యాన్సర్ ఎక్కువ కనిపిస్తుంది. ఇంకో సంగతి, వీళ్లంతా ఊళ్లో నుంచి ఊరికే ఎంచుకున్నవాళ్లు కాదు, రొమ్ము పరీక్షకు వచ్చినవాళ్లు. అందులో గడ్డ తగిలి వచ్చినవాళ్లూ ఉంటారు. లేకపోతే మామూలు ఆడవాళ్లలో వందకు ఆరుగురికి ఒకేసారి క్యాన్సర్ బయటపడటం ఎక్కడైనా ఉందా? ఆ రోజుల్లో థైరాయిడ్ మందును నీరసానికీ, లావు తగ్గడానికీ, పిల్లలు పుట్టకపోయినా రాసేసేవారు. పిల్లలు పుట్టకపోవడం, లావుగా ఉండటం వాటంతట అవే రొమ్ము క్యాన్సర్ ప్రమాదాన్ని కాస్త పెంచే విషయాలు. మందు మీద పడ్డ నిందలో వీటి వాటా ఎంతో ఆ లెక్కలో తెలియదు.

ఈ అభ్యంతరాలు మరుసటి ఏడాదే, 1977లో, అదే పత్రికకు చేరాయి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ కూడా ప్రత్యేకంగా ఒక ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది, ఎందుకంటే మీలాగే అక్కడా ఎందరో భయపడ్డారు. ఆ తర్వాత 1980లో వయసు, ఇతర కారణాలు లెక్కలోకి తీసుకుని చేసిన ఒక పెద్ద అధ్యయనంలోనూ, 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ అనే ఆసుపత్రి రోగుల మీద చేసిన ఇంకో అధ్యయనంలోనూ మందు వాడినవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ఎక్కువని తేలలేదు. ఈ రెండూ అదే పత్రికలో వచ్చాయి. మెసేజ్ రాసినవాళ్లు 1976 దగ్గరే ఆగిపోయారు. నాకు బాధ కలిగించేది ఇదే. సగం కథ చెప్పి వదిలేస్తే, ఎక్కడో పల్లెటూళ్లో ఒక తల్లి నెలరోజులు మాత్ర మానేసి ముఖం ఉబ్బించుకుని కూర్చుంటుంది.

చరిత్రలో దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 1896లో గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్, ముదిరిపోయిన రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆడవాళ్లకు అండాశయాలు తీసేసి, దానితో పాటు థైరాయిడ్ మందు కూడా ఇచ్చాడు, క్యాన్సర్ తగ్గుతుందని. కొందరికి గడ్డలు కరిగాయి కూడా. అది అండాశయాలు తీసేసినందువల్ల జరిగిందని తర్వాత అర్థమైంది. ఒకప్పుడు మేలు చేస్తుందని నమ్మి ఇచ్చిన మందే ఎనభై ఏళ్లకు దోషిగా నిలబడింది. రెండుసార్లూ ఆధారం గట్టిది కాదు.

అయితే ఈ విషయంలో తేల్చుకోవాల్సింది ఏమీ లేదని నేను అనను. 2021లో తైవాన్ జాతీయ బీమా రికార్డుల మీద చేసిన అధ్యయనంలో లెవోథైరాక్సిన్ వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ దాదాపు నాలుగో వంతు ఎక్కువ కనిపించింది. భయపెట్టే మాటే. కానీ బీమా రికార్డుల్లో ఆ మనిషి బరువెంత, సిగరెట్ తాగుతారా, టీఎస్‌హెచ్ ఎంత ఉంది అనే వివరాలుండవు. పైగా థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు డాక్టరు దగ్గరికి తరచుగా వెళ్తారు, పరీక్షలు ఎక్కువ చేయించుకుంటారు, కాబట్టి వాళ్లలో ఉన్న జబ్బులు ఎక్కువగా బయటపడతాయి. దీనికి ఎదురుగా డెన్మార్క్ దేశం మొత్తం రికార్డులతో 2016లో వచ్చిన అధ్యయనం ఉంది. థైరాయిడ్ తక్కువగా పనిచేసే దాదాపు 62 వేల మంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే, రొమ్ము క్యాన్సర్ దేశ సగటు కంటే కొద్దిగా తక్కువే ఉంది, 6 శాతం తక్కువ. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే 80 వేల మందిలో 11 శాతం ఎక్కువ ఉంది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో పదివేల పైచిలుకు మందిని సగటున పదేళ్లు గమనించిన అధ్యయనమూ వచ్చింది. రక్తంలో థైరాయిడ్ హార్మోను పై అంచున ఉన్నవాళ్లలో క్యాన్సర్ కొంత ఎక్కువని, అందులో రొమ్ము క్యాన్సర్ కూడా ఉందని అక్కడ చూశారు. వాళ్లలో చాలామంది ఏ మాత్రా వేసుకోనివాళ్లే.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అనిపించేది ఇది. తక్కువైన హార్మోనును ఉండాల్సినంతకి తీసుకురావడంలో క్యాన్సర్ భయం లేదు. ఎవరికైనా జాగ్రత్త అవసరమైతే అది హార్మోను ఏళ్ల తరబడి అవసరానికి మించి ఉండిపోయినప్పుడు. అక్కడ కూడా క్యాన్సర్ సంబంధం ఇంకా అనుమానం స్థాయిలోనే ఉంది. కానీ ఎముకలకీ గుండెకీ జరిగే నష్టం మాత్రం అనుమానం కాదు, రుజువైంది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో అరవై దాటినవాళ్లను పదేళ్లు చూస్తే, టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో 28 శాతం మందికి గుండె లయ తప్పే జబ్బు వచ్చింది. మామూలుగా ఉన్నవాళ్లలో అది 11 శాతం. మీకు అరవై రాలేదు, కానీ నెలసరి ఆగిపోయే వయసులో ఉన్నారు. ఎముకలు పలచబడటం మొదలయ్యేది ఇప్పుడే. టీఎస్‌హెచ్ 0.06 నిజమే అయితే మీరు భయపడాల్సింది వాట్సాప్ మెసేజ్‌కి కాదు, ఆ అంకెకి. దానికి మందు మోతాదు తగ్గించడమే, మానేయడం కాదు.

నిజమే అయితే అని ఎందుకన్నానంటే, మీ ఉత్తరంలో మీరు అంత పట్టించుకోకుండా రాసిన ఒక మాట నన్ను ఆపింది. బయోటిన్. అదొక విటమిన్. జుట్టుకని అమ్మే బయోటిన్ మాత్రల్లో సాధారణంగా 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకి మనిషికి కావాల్సింది అందులో వందో వంతు కూడా కాదు. చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ కొలిచే మెషీన్లు తమ పనికి బయోటిన్‌నే వాడుకుంటాయి. మీ రక్తంలో అది ఎక్కువగా ఉంటే మెషీన్ మోసపోయి టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 అంటే థైరాయిడ్ హార్మోను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది. అంటే మీ మోతాదు సరిగ్గానే ఉండి ఉండొచ్చు, 0.06 తప్పుడు అంకె అయి ఉండొచ్చు. మీకు గుండె దడ, చేతులు వణకడం, బరువు తగ్గడం ఉన్నట్టు రాయలేదు కాబట్టి ఈ అనుమానం ఇంకా బలంగా ఉంది. ఇక నుంచి ఏ థైరాయిడ్ పరీక్షకైనా ముందు కనీసం రెండు రోజులు బయోటిన్ ఆపండి. ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయికి కూడా చెప్పండి. నన్నడిగితే ఆ మాత్ర అసలు అక్కర్లేదు. థైరాయిడ్ కుదురుకుంటే జుట్టు చాలావరకు కుదురుకుంటుంది, రక్తం తక్కువగా ఉందేమో చూపించుకోండి.

పరీక్ష తప్పు కాకపోతే మోతాదు ఎందుకు ఎక్కువైందో చూడాలి. బరువు తగ్గితే అవసరమూ తగ్గుతుంది. థైరాయిడ్ పూర్తిగా పనిచేయనివాళ్లకు కిలోకి 1.6 మైక్రోగ్రాములు అనేది మోటు లెక్క. మందుల షాపులో సీసా మారిపోవడం కూడా మామూలే. 100కి బదులు 112, 25కి బదులు 125 చేతిలో పెట్టినా చూసుకోం. మూత రంగు చూసి కాకుండా లేబుల్ మీద అంకె చదివి తీసుకోండి, కంపెనీ మారితే డాక్టరుకి చెప్పండి. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చేయించాలి, అంతకుముందు చేయిస్తే డబ్బు దండగ. మీ వయసుకి 0.5 నుంచి 4 మధ్య ఉంటే చాలు.

వేసుకునే పద్ధతి పదకొండేళ్ల అనుభవం ఉన్న మీకు తెలియదని కాదు. అయినా ఒక్క విషయం అడుగుతాను. పొద్దున్నే మాత్ర వేసుకుని, పక్కనే ఉన్న కాఫీ తాగేస్తున్నారా? మన ఇళ్లలో మాత్ర, కాఫీ రెండూ ఒకే చేత్తో జరిగిపోతాయి. కాఫీ ఈ మందును సరిగ్గా ఒంటపట్టనివ్వదు. అరగంటైనా ఆగాలి, గంట అయితే మంచిది. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున కుదరకపోతే రాత్రి భోంచేసిన మూడు గంటలకు పడుకోబోయే ముందు వేసుకున్నా బాగానే పనిచేస్తుంది. రోజూ ఒకే వేళ అయితే చాలు.

మీ భయానికి ఇంకో మూలం ఉందని నాకు అనిపిస్తోంది. ఇంట్లో అందరూ హార్మోన్ మాత్ర అనే అంటారు. నెలసరి ఆగినవాళ్లకు ఆవిర్లు తగ్గడానికి ఇచ్చేదీ హార్మోన్ మాత్రే. ఈ రెండూ వేరు. అమెరికాలో 16,608 మంది ఆడవాళ్లతో జరిగిన ఒక పెద్ద ప్రయోగాన్ని 2002లో మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే ఆడ హార్మోన్లు కలిపి వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరిగింది. పదివేల మంది ఏడాది పాటు వాడితే అదనంగా 8 మందికి వచ్చే లెక్క. హార్మోన్ మాత్రతో రొమ్ము క్యాన్సర్ అని జనంలో నాటుకుపోయింది ఆ వార్తతోనే. థైరాయిడ్ మాత్రకీ దానికీ సంబంధం లేదు. అయితే మీ ఆవిర్లకు ఆ హార్మోన్లు రాస్తామంటే పిన్ని సంగతి తప్పకుండా చెప్పండి. ఈస్ట్రోజెన్ నోటి మాత్రగా మొదలుపెడితే థైరాయిడ్ మోతాదు కొంచెం పెంచాల్సి రావచ్చు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోండి.

పిన్నికి వచ్చింది కాబట్టి మీకు భయం వేయడం సహజం. తల్లికో తోబుట్టువుకో వస్తే ఉండే ప్రమాదం పిన్నికి వస్తే ఉండదు, కాస్త తక్కువ. అందులోనూ ఆవిడకు అరవై దాటాక వచ్చింది. అయితే మీ అమ్మ వైపో నాన్న వైపో ఇంకెవరికైనా యాభై లోపే రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, అండాశయ క్యాన్సర్ ఉందా, మగవాళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని మీ అమ్మగారిని కూర్చోబెట్టి అడగండి. ఉంటే జన్యు పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడాలి.

మీరు ఇంత భయపడ్డారు కదా, రొమ్ము పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటిది రొమ్ము క్యాన్సరే, 2022 అంచనా ప్రకారం ఏడాదికి 1.92 లక్షల కొత్త కేసులు. మనవాళ్లలో ఆలస్యంగా వచ్చేవాళ్లే ఎక్కువ. గడ్డ ఉంది కానీ నొప్పి లేదు కదా అని ఊరుకున్నానంటారు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించాలి. స్నానం చేసేటప్పుడు చేతికి గట్టిగా, కదలకుండా తగిలే గడ్డ, చర్మం ఒకచోట సొట్టపడటం లేదా నారింజ తొక్కలా మారడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, రక్తం కారడం, చంకలో ఉండ, వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే వెళ్లాలి.

ఖరీదైన మెషీన్లే కావాలని కూడా లేదు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు లక్షన్నర మంది మామూలు కుటుంబాల ఆడవాళ్లతో ఇరవై ఏళ్లు నడిపిన అధ్యయనం 2021లో అచ్చయింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు, అంతే. యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మన దేశంలో మన ఆడవాళ్ల మీదే తేలిన విషయమిది, నాకు ఎంతో ధైర్యాన్నిచ్చిన ఫలితం. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ ఈ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది, మీ ఊరి ఏఎన్‌ఎమ్‌ని అడగండి. మీ వయసుకి మామోగ్రామ్ కూడా ఒకటి తీయించుకుంటే మంచిది. మీకు దగ్గర్లో గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. ఇతర ప్రాంతాల పాఠకులకు హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. మగ డాక్టరంటే మొహమాటమైతే లేడీ డాక్టరు కావాలని అడగండి, అడగడం తప్పేమీ కాదు.

ఇది చదివే ఇంకొందరి కోసం ఒక హెచ్చరిక. థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి ఇదే మాత్రను కావాలనే ఎక్కువ మోతాదులో ఇస్తారు, క్యాన్సర్ తిరగబెట్టకుండా టీఎస్‌హెచ్‌ని అణిచి ఉంచడానికి. వాళ్ల రిపోర్టులో 0.1 కన్నా తక్కువ ఉన్నా అది తప్పు కాదు. నేను పైన రాసింది చూసి ఎవరూ సొంతంగా మోతాదు తగ్గించుకోవద్దు. రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం పొందుతున్నవాళ్లు కూడా థైరాయిడ్ మాత్ర మానకూడదు. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే టామాక్సిఫెన్ అనే మాత్ర వాడేవాళ్లకు థైరాయిడ్ మోతాదు ఒక్కోసారి ఇంకొంచెం పెంచాల్సి వస్తుంది.

ఇక మీ అమ్మాయి. వద్దమ్మా, తన చేత మాత్రం అస్సలు మానిపించకండి. తన విషయంలో ఆలోచించాల్సింది పుట్టబోయే బిడ్డ గురించి. గర్భంలో మొదటి మూడు నెలలూ బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం, బిడ్డ సొంత గ్రంథి అప్పటికి పని మొదలుపెట్టదు. పెళ్లికి నెల ముందు ఒకసారి టీఎస్‌హెచ్ చేయించండి, పిల్లల కోసం చూసేవాళ్లకు 2.5 లోపు ఉండేలా మోతాదు సర్దుతారు. నిరుడు మొదలుపెట్టినప్పుడు టీఎస్‌హెచ్ ఎంత ఉందో, థైరాయిడ్ మీద ఒళ్లే దాడి చేస్తోందేమో చెప్పే యాంటీబాడీల పరీక్ష చేశారో లేదో ఆ కాగితాలు వెతికి తన చేతికివ్వండి, అత్తవారి ఊళ్లో కొత్త డాక్టరుకి అవి కావాలి.

పెళ్లివారికి థైరాయిడ్ సంగతి చెప్పలేదేమో అన్న అనుమానం నాకుంది. చాలా ఇళ్లలో దాస్తారు, మీరు అలా చేయకపోతే సంతోషం. దాచితే ఆ పిల్ల అత్తారింట్లో మాత్ర దొంగచాటుగా వేసుకోవాలి, వీలుకాని రోజు మానేస్తుంది, మానేసిన రోజులే ఎక్కువవుతాయి. అబ్బాయికి మీ అమ్మాయినే ముందుగా చెప్పమనండి. మన దేశంలో ఎనిమిది నగరాల్లో, హైదరాబాద్‌తో కలిపి, 2013లో అచ్చయిన సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి థైరాయిడ్ తక్కువగా ఉంది. వాళ్లింట్లోనూ ఎవరో ఒకరు ఈ మాత్ర వేసుకుంటూనే ఉంటారు. పెళ్లయ్యాక నెల తప్పితే డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగకుండా ఆ వారం నుంచే రోజుకొకటి వేసుకునే మాత్రను వారానికి మొత్తం తొమ్మిది అయ్యేలా, అంటే ఏవైనా రెండు రోజులు రెండేసి వేసుకోవచ్చు. ఈ సంగతి ఇప్పుడే తన డాక్టరుని అడిగి, సరేనంటే చీటీ మీద రాయించి పెట్టుకోమనండి. ఆ తర్వాత ఐదో నెల దాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చేయించుకోవాలి.